బోర్డు మీద రాయాలా, పుస్తకంలో ఎక్కించాలా? చిన్న వెబ్ యాప్‌లో డేటా పెట్టే చోటు

కూకట్‌పల్లిలో మాకు తెలిసిన ఒక అక్క కర్రీ పాయింట్ నడుపుతుంది. ఆదివారం మధ్యాహ్నమైతే జనం రోడ్డు మీదిదాకా నిలబడతారు. క్యూ తగ్గుతుందని ఆమెకు ఒక చిన్న వెబ్ యాప్ రాసిచ్చాను. ఇంటి దగ్గరే ఫోన్‌లో కూరలు ఎంచుకుని టోకెన్ నంబరు తీసుకోవడం, వచ్చి ప్యాకెట్లు పట్టుకెళ్ళడం, అంతే. పైథాన్ భాషలో వెబ్ యాప్‌లు రాయడానికి ఉండే ఫ్లాస్క్‌తో రెండు రాత్రుల పని. ఆర్డర్లు ఎక్కడ దాచాలన్నది పెద్దగా ఆలోచించలేదు. పైథాన్‌లో ఒక లిస్టు పెట్టి, వచ్చిన ఆర్డరునల్లా అందులో వేసుకుంటూ పోయాను. రోజుకు వంద ఆర్డర్లు కూడా రాని యాప్‌కి డేటాబేస్ ఎందుకులే అనుకున్నాను.

రెండో ఆదివారం పన్నెండున్నరకు చూస్తే మెనూలో 'గొంగూర పప్పు' అని ఉంది. దీర్ఘం ఎగిరిపోయింది. ఒక్క అక్షరమే కదా అని సరిచేసి సర్వర్ రీస్టార్ట్ చేశాను. మూడు నిమిషాల్లో ఫోన్. "తమ్మీ, ఆర్డర్లన్నీ యాడబోయినయ్? స్క్రీన్ మీద ఏం లేదు. ముంగట ఇరవై మంది నిలబడ్డరు, ఎవరిదేందో నాకెట్ల తెలుస్తది?" దీర్ఘం వచ్చింది, ఇరవై మూడు ఆర్డర్లు పోయాయి. పైగా టోకెన్లు మళ్ళీ ఒకటి నుంచి మొదలయ్యాయి. 4వ నంబరు పట్టుకుని ఇద్దరు నిలబడ్డారు, ఒకాయన పాత నాలుగు, ఇంకొకాయన కొత్త నాలుగు.

సాయంత్రం వెళ్ళి సారీ చెప్పాను. ఆమె కౌంటర్ వెనక గోడకు ఒక నల్ల బోర్డు ఉంటుంది. దాని మీద సుద్దముక్కతో ఆరోజు కూరలు రాసి, రాత్రి తడిగుడ్డతో తుడిచేస్తుంది. కౌంటర్ సొరుగులో ఎర్ర అట్ట ఉద్దెర పుస్తకం ఉంటుంది. బోర్డు ఎవరైనా పొరపాటున తుడిచేసినా రెండు నిమిషాల్లో మళ్ళీ రాసుకోవచ్చు, ఏం వండిందో ఆమెకు తెలుసు. ఎవరు ఎంత బాకీ అన్నది తుడిచిపోతే ఎవరిని అడిగి రాసుకుంటుంది? ఆమె ఏనాడూ ఉద్దెర లెక్క బోర్డు మీద రాయలేదు. రాసింది నేను.

అప్పటి నుంచి ఏ యాప్ మొదలుపెట్టినా, దాచాల్సిన ప్రతి దానికీ ఒకటే ప్రశ్న వేసుకుంటున్నాను. ఇది పోతే మళ్ళీ తయారు చేసుకోగలనా, లేక ఎవరినైనా అడగాలా? తయారు చేసుకోగలిగితే మెమరీలో, అంటే నా లిస్టులాగా ప్రోగ్రామ్ ఆగగానే చెరిగిపోయే ర్యామ్‌లో, ఉండనివ్వొచ్చు. ఇంకొకరిని అడగాల్సి వస్తే డిస్కు మీద నిలిచి ఉండే డేటాబేస్‌లోకే పోవాలి. 'మెమరీనా, డేటాబేసా' అని యాప్ మొత్తానికి కలిపి తేల్చేసుకోవడంలోనే మొదటి పొరపాటు ఉంది. ఒకే యాప్‌లో రెండూ ఉంటాయి.

వేగం గురించిన భ్రమ

మెమరీ వైపు మొగ్గేవాళ్ళు చెప్పే మొదటి కారణం వేగం. మాట నిజమే. ర్యామ్‌లోంచి ఒక విలువ చదవడానికి సుమారు 100 నానోసెకన్లు పడితే, ఎస్‌ఎస్‌డీ నుంచి చదవడానికి సుమారు 100 మైక్రోసెకన్లు, అంటే వెయ్యి రెట్లు. కానీ ఫోన్ నుంచి మన సర్వర్‌కి వెళ్ళి రావడానికే పదుల మిల్లీసెకన్లు పోతాయి. అక్కడ మైక్రోసెకన్లు మిగుల్చుకోవడమంటే, మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రోలో పోయేవాడు స్టేషన్ మెట్లు పరిగెత్తి ఎక్కి తొందరగా చేరాననుకోవడమే. పైగా తరచూ చదివే డేటాను ఆపరేటింగ్ సిస్టమ్, డేటాబేస్ రెండూ ఎలాగూ ర్యామ్‌లోనే పెట్టుకుంటాయి. ప్రతిసారీ డిస్కు దాకా పోవడం జరగదు.

డేటాబేస్‌కి కాస్త సమయం పట్టేది రాసేటప్పుడు. కమిట్, అంటే 'ఇది ఖాయం చేయి', అన్నప్పుడు అది 'డిస్కు మీద పడింది' అన్న కబురు వచ్చేదాకా ఆగుతుంది. ఆ ఒకటి రెండు మిల్లీసెకన్లు వృథా కాదు. కరెంటు పోయినా ఆర్డరు ఉంటుందన్న హామీకి కట్టే ధర అది.

వేగం నిజంగా దెబ్బతినే చోటు వేరే ఉంది. యాప్ ఒక ఊళ్ళో, డేటాబేస్ ఇంకో ఊళ్ళో పెడితే అప్పుడు తెలుస్తుంది. 2022 నవంబరులో అమెజాన్ వాళ్ళు హైదరాబాద్‌లో క్లౌడ్ రీజియన్, అంటే అద్దెకిచ్చే సర్వర్ల కేంద్రం, తెరిచారు. ముంబై రీజియన్ 2016 నుంచే ఉంది. యాప్‌ను ఇక్కడికి మార్చి డేటాబేస్‌ను ముంబైలోనే వదిలేస్తే, ఒక్కో క్వెరీకి (డేటాబేస్‌ను అడిగే ఒక్కో ప్రశ్నకు) రానూపోనూ సుమారు 10 మిల్లీసెకన్లు అనుకున్నా, ఒక పేజీ ముప్పై క్వెరీలు వేస్తే 300 మిల్లీసెకన్లు దారిలోనే పోతాయి. దానికి మందు మెమరీ కాదు. రెండింటినీ ఒకే చోట పెట్టడం, ముప్పై క్వెరీలను మూడు చేయడం.

మెమరీ ఎక్కడ దెబ్బకొడుతుంది

రీస్టార్ట్ సంగతి చెప్పాను. అది మన చేతుల్లోనే ఉంటుందనుకోవద్దు. కోడ్ క్రాష్ అవుతుంది, మెషీన్‌కు అప్‌డేట్ వస్తుంది, ర్యామ్ చాలక లినక్స్ మన ప్రాసెస్‌ను (నడుస్తున్న ప్రోగ్రామ్‌ను) చంపేస్తుంది. యాప్‌లను తమ సర్వర్ల మీద నడిపిపెట్టే హెరోకులో అయితే యాప్ రోజుకు ఒక్కసారైనా రీస్టార్ట్ అవడం ఆ సర్వీసు పద్ధతే. అలాంటిదే అయిన రెండర్ ఉచిత ప్లాన్‌లో 15 నిమిషాలు ఎవరూ రాకపోతే యాప్ నిద్రపోతుంది, లేచేసరికి మెమరీ ఖాళీ. మధ్యాహ్నం మూడింటి నుంచి సాయంత్రం ఆరు దాకా గిరాకీ ఉండని కర్రీ పాయింట్‌కి దీని అర్థం చెప్పక్కర్లేదు.

రీస్టార్ట్ కంటే తల తినేది ఇంకోటి ఉంది, వర్కర్లు. ఇంట్లో ల్యాప్‌టాప్ మీద ఒకే ప్రాసెస్ నడుస్తుంది కాబట్టి అన్నీ బాగుంటాయి. సర్వర్ మీద పైథాన్ యాప్‌లను నడిపే గునికార్న్ లాంటిదాంతో నడిపితే నాలుగైదు వర్కర్లు, అంటే ఒకే యాప్‌కు నాలుగైదు ప్రతులు, పెడతాం. గునికార్న్ డాక్యుమెంటేషన్ చెప్పే లెక్కే 'కోర్‌ల సంఖ్యకు రెట్టింపు, ప్లస్ ఒకటి'. ప్రతి వర్కర్ విడి ప్రాసెస్, ప్రతిదానికీ విడి మెమరీ. అంటే మన లిస్టు ఒకటి కాదు, ఐదు. ఆర్డరు ఏ వర్కర్‌కి తగిలితే ఆ వర్కర్ లిస్టులో పడుతుంది. కౌంటర్‌లో కుర్రాడు పేజీ రిఫ్రెష్ చేస్తే ఏడు ఆర్డర్లు, ఇంకోసారి చేస్తే పదకొండు, మూడోసారి చేస్తే నాలుగు. ఎర్రర్ మెసేజ్ ఉండదు, లాగ్‌లో ఒక్క ముక్క దొరకదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు దీని మీద రోజులు పోగొట్టుకోవడం చూశాను, బ్రౌజర్ క్యాష్ క్లియర్ చేస్తూ, జావాస్క్రిప్ట్‌ని అనుమానిస్తూ. ఒకే వర్కర్ పెట్టి అందులో థ్రెడ్‌లు (ఒకే ప్రాసెస్ లోపల పక్కపక్కన నడిచే పనులు) పెంచితే ఈ సమస్య పోతుంది, కానీ అది కాలికి తాడు కట్టుకుని నడవడమే.

మూడోది, మెమరీలో పెట్టినది మనం తీస్తే తప్ప పోదు. సెషన్లు, అంటే లాగిన్ అయినవాళ్ళ గుర్తులు, అలా పేరుకుపోతాయి. జావాస్క్రిప్ట్‌తో సర్వర్ రాసే నోడ్‌లో ఎక్స్‌ప్రెస్ అనే ఫ్రేమ్‌వర్క్ వాడేవాళ్ళకు ఇది తెలిసే ఉంటుంది. దాని సెషన్ ప్యాకేజీలో ముందే ఉండే మెమరీ స్టోర్ అసలు వాడకానికి కాదని, మెమరీ లీక్ అవుతుందని (వాడేసింది తిరిగి ఖాళీ అవదని), ఒక ప్రాసెస్ దాటి పనిచేయదని తయారుచేసినవాళ్ళే రాసిపెట్టారు. ఆ హెచ్చరిక కన్సోల్‌లో కనబడుతుంది కూడా. కనబడినా దాటేసి పోతాం.

ఇక చివరి ప్యాకెట్ గొడవ. గుత్తివంకాయ ఒక్క ప్యాకెట్ మిగిలింది. ఇద్దరు ఒకే క్షణంలో నొక్కారు. 'స్టాక్ ఎంత ఉంది' అని చూడటం ఒక మెట్టు, 'ఒకటి తగ్గించు' అనడం ఇంకో మెట్టు. రెండింటి మధ్యలో రెండో మనిషి దూరితే ఇద్దరికీ టోకెన్ వస్తుంది, ప్యాకెట్ మాత్రం ఒకటే. డేటాబేస్‌లో దీన్ని ఒకే వాక్యంగా చెప్పొచ్చు: స్టాక్ సున్నా కంటే ఎక్కువ ఉన్న వరుసలో స్టాక్‌ను ఒకటి తగ్గించు. తర్వాత ఎన్ని వరుసలు మారాయో చూడాలి. ఒకటి మారితే ఆర్డరు ఖాయం, సున్నా అయితే 'అయిపోయింది' అని చూపించాలి. మెమరీలో ఇదే పనికి లాక్‌లు (ఒకరి పని అయ్యేదాకా ఇంకొకరిని ఆపేవి) రాసుకోవాలి, అవీ ఒక ప్రాసెస్ లోపలే పనిచేస్తాయి.

అయినా మెమరీకే వదిలేసేవి

ఇన్ని తిట్టాను గానీ, కొన్నిటికి డేటాబేస్ అనవసరమైన బరువు. మెనూ పేజీని డేటాబేస్ నుంచి ఒకసారి తెచ్చి మెమరీలో పెట్టుకోవడం సబబే. పోతే మళ్ళీ తెచ్చుకుంటాం. కాకపోతే గడువు పెట్టాలి, నేను ముప్పై సెకన్లు పెడతాను. గడువు లేకపోతే ధర 60 నుంచి 70 చేసిన రోజున ఒక వర్కర్ కొత్త ధర, మిగతావి పాత ధర చూపిస్తూ కూర్చుంటాయి. పైథాన్‌లో రెడీగా దొరికే ఎల్‌ఆర్‌యూ క్యాష్ మామూలుగా 128 ఫలితాల దాకా గుర్తుపెట్టుకుంటుంది, కానీ దానికి కాలం గడువు తెలియదు. ఆ సంగతి మర్చిపోయి ధరలకు వాడితే ఇబ్బందే.

ఒకే నంబరు నుంచి నిమిషానికి యాభై రిక్వెస్టులు వస్తే ఆపడం, స్క్రీన్ ముందు ఇప్పుడు ఎవరెవరు కనెక్ట్ అయి ఉన్నారో గుర్తుంచుకోవడం, టెస్టులు రాసుకోవడం, వీటన్నిటికీ మెమరీ చాలు. ఓటీపీ విషయంలో రెండు రకాలుగా వాదించొచ్చు. పోతే మనిషి 'మళ్ళీ పంపు' నొక్కుతాడు, అంతకు మించి నష్టం లేదు. కానీ వర్కర్లు ఎక్కువైతే పంపింది ఒకరు, సరిచూసేది ఇంకొకరు అవుతారు. నేనైతే డేటాబేస్‌లోనే పెడతాను.

జేసన్ ఫైల్ అనే నడిమి దారి

'డేటాబేస్ వద్దు, లిస్టును ప్రతిసారీ ఒక జేసన్ ఫైల్‌లో రాసేస్తా' అనే ఆలోచన అందరికీ ఒకసారి వస్తుంది. జేసన్ అంటే డేటాను మామూలు అక్షరాల్లో రాసిపెట్టే ఒక పద్ధతి. నాకూ వచ్చింది. ఫైల్ సగం రాసేసరికి ప్రాసెస్ చచ్చిపోతే మిగిలేది తెగిపోయిన ఫైల్, దాన్ని తెరవడం కూడా కుదరదు. ఇద్దరు వర్కర్లు ఒకేసారి రాస్తే తర్వాత రాసినవాడిదే నిలుస్తుంది. ఒక్కరే మార్చే సెట్టింగ్స్‌కి జేసన్ బాగానే ఉంటుంది. ఆర్డర్లకు వాడితే లాక్‌లూ, తాత్కాలిక ఫైళ్ళూ, పేరు మార్పులూ రాసుకుంటూ పోయి చివరికి మనమే ఒక నాసిరకం డేటాబేస్ కట్టుకుంటాం. అదే కష్టానికి ఎస్‌క్యూలైట్ వస్తుంది.

మొదటి ఎంపిక ఎస్‌క్యూలైట్

డేటాబేస్ అనగానే మనవాళ్ళకు ఒక సర్వర్, ఒక పాస్‌వర్డ్, నెలనెలా బిల్లు కళ్ళముందు కనబడతాయి. అమీర్‌పేటలో మైత్రివనం చుట్టుపక్కల కోర్సులు చేసివచ్చినవాళ్ళకైతే ఒరాకిల్ గుర్తొస్తుంది. ఎస్‌క్యూలైట్‌కి ఇవేవీ ఉండవు. అది మన ప్రోగ్రామ్ లోపలే నడిచే ఒక లైబ్రరీ, డేటా అంతా ఒకే ఫైల్. పైథాన్‌తో పాటే వస్తుంది, పైసా ఖర్చు లేదు. రిచర్డ్ హిప్ 2000లో దీన్ని విడుదల చేసి, కోడ్‌ను ఎవరి హక్కూ లేకుండా జనానికి వదిలేశాడు. మీ చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్‌లో కూడా ఇదే ఉంది.

'అది బొమ్మ డేటాబేస్, సైట్లకు పనికిరాదు' అనేవాళ్ళు ఇంకా ఉన్నారు. రోజుకు లక్ష హిట్ల లోపు ఉండే సైట్‌కి ఇది బాగా సరిపోతుందని, అది కూడా తగ్గించి చెప్పిన అంచనాయేనని దాన్ని తయారుచేసినవాళ్ళు రాశారు. వాళ్ళ సొంత సైట్ దాని మీదే నడుస్తుంది. మా అక్క ఆదివారం గిరాకీ ఎంత పొంగినా లక్ష దగ్గరికి పోదు, పోతే వంకాయలు దొరకవు.

పెట్టుకున్న మొదటి రోజే మూడు మార్పులు చేసుకోండి. ఒకటి, జర్నల్ మోడ్‌ను (మార్పులను డిస్కుకు ఎలా రాయాలన్న సెట్టింగ్‌ను) వాల్‌కి మార్చడం. వాల్ అంటే రైట్-ఎహెడ్ లాగ్. 2010లో వచ్చిన ఈ పద్ధతిలో ఒకరు రాస్తున్నా మిగతావాళ్ళు చదువుకోవచ్చు. రెండు, బిజీ టైమవుట్‌ను ఐదు సెకన్లు చేయడం. ఎస్‌క్యూలైట్‌లో ఒక సమయంలో ఒక్కరే రాయగలరు. ఇంకొకరు రాస్తుంటే వెంటనే 'డేటాబేస్ లాక్ అయి ఉంది' అని చేతులెత్తేయకుండా కాసేపు ఆగమని చెప్పడమన్నమాట. మూడు, ఫారిన్ కీ తనిఖీని, అంటే ఆర్డరులో రాసిన కూర మెనూలో ఉందో లేదో చూడటాన్ని, ఆన్ చేయడం. మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది, ప్రతి కనెక్షన్‌లోనూ మళ్ళీ ఆన్ చేయాలి. ఇది తెలియక, లేని కూరకు కూడా ఆర్డర్లు తీసుకుంటాం.

బ్యాకప్‌లో ఒక మెలిక ఉంది. వాల్ మోడ్‌లో అసలు ఫైల్ పక్కనే ఇంకో ఫైల్ ఉంటుంది, తాజాగా రాసినవి కొంతసేపు అందులోనే ఉంటాయి. రోజూ రాత్రి అసలు ఫైల్ ఒక్కటే కాపీ చేసుకుని నిశ్చింతగా పడుకుంటే, అవసరమైన రోజున చివరి ఆర్డర్లు కనబడవు. దానికోసం ఉన్న బ్యాకప్ కమాండ్‌నే వాడాలి.

ఎస్‌క్యూలైట్ సరిపడని చోటు కూడా చెప్పాలి. పైన చెప్పిన హెరోకు, రెండర్ ఉచిత ప్లాన్ లాంటివాటిలో డిస్కు కూడా తాత్కాలికమే, రీస్టార్ట్‌తో ఫైల్ కూడా మాయమవుతుంది. అక్కడ ఎస్‌క్యూలైట్ పెట్టడం బోర్డు మీదే మంచి దస్తూరీతో రాయడం. మామూలు వర్చువల్ మెషీన్ (అద్దెకు తీసుకున్న సర్వర్) అయితే ఏ బాధా లేదు. నెట్‌వర్క్ మీద పంచుకున్న ఫోల్డర్‌లో ఆ ఫైల్ పెట్టడం కూడా వద్దు, అక్కడ లాకింగ్‌ను నమ్మలేం.

పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్, రెడిస్

రెండు మెషీన్ల మీద యాప్ నడపాల్సి వచ్చినా, పది మంది సిబ్బంది ఒకేసారి రాస్తున్నా, హోస్టింగ్‌లో నిలకడైన డిస్కు లేకపోయినా విడి సర్వర్‌గా నడిచే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి పోండి. ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు. దానిలో ప్రతి కనెక్షన్ ఒక విడి ప్రాసెస్, మామూలుగా 100 కనెక్షన్లే ఒప్పుకుంటుంది. ప్రతి రిక్వెస్టుకూ కొత్తది తెరవకుండా పూల్, అంటే తెరిచి ఉంచిన కనెక్షన్లనే మళ్ళీ మళ్ళీ వాడే పద్ధతి, వాడాలి.

అలాంటిదే ఇంకో డేటాబేస్ మైఎస్‌క్యూఎల్. అది ముందే ఉన్న చోట దాన్నే వాడుకోండి, మార్చాల్సిన పనిలేదు. తెలుగువాళ్ళకు ఒక జాగ్రత్త: అక్షరాలను కంప్యూటర్‌లో దాచే పద్ధతి అయిన యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు (అక్షరమైనా, గుణింతపు గుర్తైనా) ఒక్కోటి 3 బైట్లు. మైఎస్‌క్యూఎల్‌లో పాత 'యూటీఎఫ్8' సరిగ్గా 3 బైట్ల దాకే పట్టుకుంటుంది, కాబట్టి పేర్లన్నీ బాగానే పడతాయి. ఎవరో ఆర్డరు కింద 'కారం తక్కువ' అని రాసి పక్కన దండం ఇమోజీ పెడతారు. అది 4 బైట్లు. అక్కడ ఎర్రర్ అన్నా వస్తుంది, రాసింది తెగన్నా తెగుతుంది. పాత టేబుళ్ళను 'యూటీఎఫ్8ఎంబీ4'కి మార్చుకోవాలి. 2018లో వచ్చిన 8.0 నుంచి కొత్తవాటికి అదే డిఫాల్ట్.

రెడిస్ ఈ రెండింటి నడుమ ఉండే మూడో రకం. డేటా మెమరీలోనే ఉంటుంది కానీ మన ప్రాసెస్ బయట ఉంటుంది. అందుకని వర్కర్ల గొడవ తీరుతుంది, మన యాప్ రీస్టార్ట్ అయినా దానికేం కాదు. రెడిస్ సర్వరే పడిపోతే? మామూలు సెట్టింగ్స్‌లో అది అప్పుడప్పుడూ ఫొటో తీసినట్టు డిస్కుకు రాస్తుంది, మధ్యలో వచ్చినవి పోతాయి. ప్రతి మార్పునూ ఫైల్‌కు చేర్చే పద్ధతి ఆన్ చేసుకుంటే, మామూలుగా ఒక సెకను నష్టానికి దిగుతుంది. 2024లో లైసెన్సు మార్చినప్పుడు వాల్కీ అనే వేరుకుంపటి కూడా పుట్టింది, చిన్న పనులకు ఏదైనా ఒకటే. నా మాట అడిగితే, ఒక్క మెషీన్ మీద నడిచే యాప్‌కి రెడిస్ తొందరపాటు. చూసుకోవాల్సిన సర్వర్ ఇంకోటి తగులుతుంది, పెద్దగా కలిసొచ్చేది ఉండదు.

కర్రీ పాయింట్‌లో చివరికి ఏది ఎక్కడ

ఆర్డర్లు, టోకెన్ నంబర్లు, యూపీఐ చెల్లింపు వివరాలు, స్టాక్, ఉద్దెర, అన్నీ ఎస్‌క్యూలైట్‌లో. డబ్బును పైసల్లో పూర్ణాంకంగా పెట్టాను, దశాంశాల జోలికి పోలేదు. టోకెన్ తేదీతో కలిపి ఒక్కసారే వచ్చేలా డేటాబేస్‌లోనే నియమం పెట్టాను. మళ్ళీ ఒకే రోజు ఇద్దరికి నాలుగో నంబరు రావడం కుదరదు. మెనూ క్యాష్, రిక్వెస్టుల లెక్క మెమరీలో. ఇంకా 'ఆర్డర్ చేయి' నొక్కని బుట్ట కస్టమర్ బ్రౌజర్‌లోనే, దాన్ని నేను మోయడం దేనికి? ఆ యాప్‌కు ఇప్పుడు ఉన్నది ఒక జీబీ ర్యామ్ మెషీన్, అందులో సగం ఖాళీగానే ఉంటుంది.

ఇప్పటికే లిస్టుతో మొదలుపెట్టినవాళ్ళు కంగారు పడక్కర్లేదు. కోడ్ అంతటా లిస్టును నేరుగా తాకే బదులు, ముందు నాలుగు ఫంక్షన్లు రాసుకోండి: ఆర్డర్ చేర్చు, ఒకటి చూపు, ఈరోజువి చూపు, ఇచ్చేసినట్టు గుర్తించు. మిగతా కోడ్ వీటినే పిలవాలి. తర్వాత ఈ నాలుగింటి లోపల లిస్టు తీసి డేటాబేస్ పెట్టుకోవచ్చు. నాకు ఆ మార్పు ఒక సాయంత్రంలో అయిపోయింది, వెతుక్కుంటూ లిస్టు వాడిన పదిహేడు చోట్లు పట్టుకోవడానికి మాత్రం అంతకుముందు ఒక రోజంతా పట్టింది.

యాప్‌ను ఎవరి చేతిలోనైనా పెట్టేముందు ఇంకో పని చేయండి. సర్వర్ మీద, అన్ని వర్కర్లతో నడిపి, ఫోన్ నుంచి ఐదు ఆర్డర్లు పెట్టండి. కౌంటర్ పేజీని పదిసార్లు రిఫ్రెష్ చేసి ప్రతిసారీ ఐదే ఉన్నాయా చూడండి. తర్వాత ప్రాసెస్‌ను మర్యాదగా ఆపకుండా, కిల్ మైనస్ నైన్‌తో ఒక్కసారిగా చంపేసి మళ్ళీ లేపండి. ఐదు ఆర్డర్లూ ఉండాలి, ఆరో ఆర్డరుకు ఆరో టోకెనే రావాలి. రాకపోతే ఆదివారం దాకా ఆగి తెలుసుకోవాల్సిన పని తప్పినట్టే.